గుంటలో బొట్టు

అది డెబ్బై ఎనిమిదిలో దసరా వెళ్ళిన వారం. విజయవాడ గవర్నర్‌పేటలో ఉంటూ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే రామకోటేశ్వరరావుకు కోపంతో ఒళ్ళు మండిపోతోంది. జ్వరంపడి లేచిన రెండేళ్ళ కూతురు ఏనుగు పాట రికార్డు పెడితేనే అన్నానికి నోరు తెరుస్తుంది. రికార్డు ప్లేయర్‌కు సొంత స్పీకరు లేదు; దాని వైరు స్టీరియో వెనక ఆక్స్ సాకెట్లో గుచ్చాలి. గుచ్చితే పాట నూతిలోంచి వస్తున్నట్లు గొణుగుతోంది. పిల్ల ముద్దను తోసేస్తోంది.

"పొద్దుట్నుంచీ దాన్నే కెలుకుతున్నావు. షాపులో ఇచ్చెయ్యరా," అంది తల్లి మాణిక్యమ్మ.

"నువ్వు కాసేపు మాట్లాడకమ్మా," అని కసిరాడు.

అదే స్టీరియోలో కేసెట్టు వేస్తే పాట ఖంగుమంది. వైరు మార్చినా రికార్డు మాత్రం గొణిగింది. ఇక దోషం సాకెట్లో ఉందేమో అనుకున్నాడు. స్టీరియో ఆపి, టార్చిలైటు వేసి చూశాడు. లోపల గంధం, కుంకుమ ఎండి గట్టిపడి ఉన్నాయి.

"ఆయుధపూజనాడు ఇందులో బొట్టు పెట్టావా?"

"ముందువైపు పెడితే చెరిపేసి అరుస్తావు గదరా. అందుకే వెనకాల, కనపడకుండా ఆ గుంటలో పెట్టాను."

పళ్ళు నూరుతూ అగ్గిపుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌తో తుడిచాడు. ఆరాక పెడితే పాట స్పష్టంగా పలికింది. పిల్ల నోరు తెరిచింది; మాణిక్యమ్మ గబగబా ముద్ద పెట్టింది.

"వచ్చే దసరాకు ముందువైపే పెట్టుకో. చెరపను," అన్నాడు, కోపంగానే.