పెట్టె అడుగున పెట్టిన నవల

మా పెదనాన్న పోయాడు. గురువారం ఉదయం భవానీపూర్‌లో మెట్రో దిగి ఆఫీసు వైపు నడుస్తుండగా ఖిదిర్‌పూర్ నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెదనాన్న ఎలిపోనాడే" అని ఒక్క మాట చెప్పి పెట్టేసింది. ఏడవలేదు. ఫుట్‌పాత్ మీద చాయ్ కొట్టు పక్కన అలాగే నిలబడిపోయాను. దుఃఖం కంటే ముందు నాకు సిగ్గేసింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆయన శ్రీకాకుళం వైపు సముద్రపు ఊరి నుంచి వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా ఇక్కడి ఖిదిర్‌పూర్ రేవులో ఓడల్లోకి బస్తాలు ఎక్కించాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేసింది. చూపు ఉన్నంతకాలం చేతికందిన తెలుగు కాగితమల్లా చదివేవాడు. బెంగాలీ బడిలో చదివిన నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది ఆయనే. ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే అది ఆయన చలవే.

రెండేళ్ల కిందట, చూపు పూర్తిగా పోయాక, నవలలు చదివి వినిపించమన్నాడు. నేను హుషారుగా ఫోన్‌లో వెతికి, చచ్చేలోగా చదవాల్సిన వంద నవలల జాబితా ఒకటి పట్టుకెళ్లాను. పెదనాన్న దగ్గుతూనే నవ్వాడు.

"వందేటే గుంటా! నాకంత గడువు నేదు. పది సాలు. ఒక్కో రేవు నుంచి ఒకటి తే."

తాను బస్తాలెక్కించిన ఓడలు ఏ దేశాలకు వెళ్లాయో ఆ దేశాల కథలు కావాలన్నాడు. ఆయన మాత్రం ఏ ఓడలోనూ ఎక్కడికీ వెళ్లలేదు. తెలుగు సంఘం బీరువాలోంచి పాత అనువాదాలు మోసుకొచ్చి ఒక్కోదాని కథ క్లుప్తంగా చెప్పేదాన్ని. ఆయన అడిగేది ఒకటే. "ఈ కతలో ఎవులు ఏ పని సేసి బతుకుతారే?" జవాబు చెప్పలేకపోతే ఆ నవల తిరిగి బీరువాలోకే. ఎంత పేరున్న పుస్తకాలు అలా వెనక్కి పోయాయో! రష్యాది, బర్మాది, ఆఫ్రికావి రెండు నిలిచాయి. ఆడవాళ్లు రాసినది ఒక్కటీ లేదని నేను గొణిగితే, కట్టలోంచి రెండు తీయించి వాళ్లవి రెండు పెట్టించాడు.

పదోది ఒక జాలరి తండ్రి కథ. "ఇది వద్దు పెదనాన్నా, ఇందులో కొడుకు పోతాడు" అన్నాను.

మా అన్నయ్య, ఆయనకు ఒక్కగానొక్క కొడుకు, ఓడ లోపల బస్తాలు మీదపడి పోయాడు. ఆ సంగతి ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్లం కాదు. ఆ రోజు ఆయనే ఎత్తాడు.

"మనోడు పోనాడని నాకెవులూ సెప్పనేదే. రమ్మన్నారు, ఎల్లినాను, గుడ్డ తీసి సూపించినారు. ఆ కతలో తండ్రికి ఎలగ సెప్పినారో ఇనాల. దాన్ని అడుగున పెట్టు."

ఆఖరి రేవులో దించే సరుకును ఓడలో అన్నిటికంటే అడుగున పెడతారట. రేకుపెట్టెలో పుస్తకాలను అలాగే సర్దించాడు.

ఆదివారం ఆదివారం ఆ ఒంటిగది ఇంట్లో చదివేదాన్ని. నేను తడబడి పరిగెత్తితే, క్రేన్ నడిపేవాళ్లతో అన్నట్టే "ఆస్తే, ఆస్తే" అని బెంగాలీలో నెమ్మదించమనేవాడు. వాక్యం వాక్యానికీ "ఊఁ" కొట్టేవాడు. ఊఁ ఆగిందంటే నేనేదో తప్పు చదివినట్టు.

పోయిన నెలలో పదో నవలకు వచ్చాం. అప్పటికే నాలుగు మాటలకోసారి ఊపిరికోసం ఆగుతున్నాడు. తండ్రికి కబురు చెప్పే చోటు వచ్చింది. రెండు వాక్యాలు ముందే కళ్లతో చదివేసుకున్నాను. ఈ స్థితిలో ఆయన తట్టుకోలేడనుకున్నాను. నిజం చెప్పాలంటే, తట్టుకోలేనిది నేను. నాలుగు కాగితాలు ఒక్కసారే తిప్పేసి అవతలినుంచి మొదలుపెట్టాను. ఊఁ ఆగిపోయింది.

"నాలుగు కాయితాలు ఒక్కపాలే తిప్పీసినావు. సప్పుడు తెలీదనుకున్నావేటి?"

వచ్చే ఆదివారం చదువుతానని చెప్పి, పుస్తకాన్ని తెరిచింది తెరిచినట్టే మంచం మీద వదిలి లేచి వచ్చేశాను. ఆ ఆదివారం వచ్చేసరికి జ్వరమన్నాను. ఆ తర్వాతి ఆదివారం ఆఫీసు పనన్నాను. రెండూ అబద్ధాలే. ఫోన్‌లో ఆయన కోప్పడలేదు. "పర్నేదులే, పుస్తకం ఎక్కడికీ ఎలిపోదు" అన్నాడు. ఆ గురువారమే పోయాడు.

కర్మలయ్యాక పెద్దమ్మ ఆ నవల తెచ్చి నా చేతిలో పెట్టింది. లోపల గుర్తుగా పెట్టిన ఒక గోనెపోగు ఉంది. ఆ రోజు నేను తిప్పేసిన నాలుగు కాగితాలకు సరిగ్గా ముందు.

"నువ్వు ఎల్లగానే ఏళ్లతో కాయితాలు ఎనక్కి లెక్కెట్టి అదెట్టినాడు. నన్ను సదవమన్నాడు. నాకు సదువొస్తే కదే" అంది.

ఖాళీ మంచం పక్కన కూర్చుని ఆ నాలుగు కాగితాలూ పైకి చదివాను. ఒక్క మాట వదల్లేదు. ప్రతి వాక్యం తర్వాతా కాస్త ఆగాను. బయట కుళాయి దగ్గర బిందెల చప్పుడు తప్ప ఏమీ లేదు. చివరి వాక్యం అయ్యాక, గుమ్మంలో కూర్చున్న పెద్దమ్మ తలెత్తకుండానే "ఊఁ" అంది.