తొట్టిమీది బేస్

మందసలో బస్సెక్కే సలోమి భుజాన ఒక్క సంచే ఉంటుంది; డ్రమ్స్ సెట్టంతా అందులోనే. బేస్ డ్రమ్ముకు పీపా లేదు, చట్రానికి బిగించిన తోలు మాత్రమే. ఎక్కడ వాయించబోయినా ముందు మడమతో నేలను తట్టి చూడటం ఆమె అలవాటు. జలంత్రకోట చర్చిలో ఆమెను కొనసాగించాలా, పలాస నుంచి పెద్ద సెట్టును పిలవాలా అన్నది ఆ శనివారం తేలాలి.

"పళ్లెం కొట్టినట్టుందేటమ్మా! పొట్ట లేని డ్రమ్ముకి గొంతెలగొత్తాది?" అన్నాడు సంఘపెద్ద కృపాదానం, మొదటి దెబ్బ వినగానే. "పొట్ట మీ చర్చిలోనే ఉంది మావా," అంటూ సలోమి తోలును ముడతలు పోయేవరకే బిగించి, గణగణలాడకుండా అంచున గుడ్డముక్క అంటించి, మడమ తట్టుకు డొల్లగా మోగిన చోట, నేలలోని ఖాళీ బాప్తిస్మపు తొట్టిని కప్పిన చెక్కల మీద డ్రమ్మును నిలిపి పెడల్ తొక్కింది. ఆ దెబ్బ ముందు కృపాదానం పాదాలకు తెలిసింది, తరువాతే చెవులకు. "బాప్తిస్మాలనాడు తొట్టి నీళ్లతో నిండిపోద్ది. అప్పుడేటి సేత్తావు?" అన్నాడాయన. సలోమి పెడల్ మీది కాలు తీయలేదు. "అంటే, మిగతా ఆదివారాలన్నీ నాయే కదా మావా!"