గేటు కాగితం మీద ఇద్దరం

కోనసీమ కొత్త జిల్లా అయ్యాక, ఆధార్‌లో జిల్లా పేరు మార్పించుకుందామని సచివాలయం దగ్గర వరుసలో నిలబడ్డాను. నా వెనకావిడ విసుక్కుంది. "ఊరు ఉన్నచోటే ఉంది, జిల్లా మారిపోయిందంటండీ."

"మీకు జిల్లాయే మారిందండీ. నాకైతే ఒకప్పుడు దేశమే జిల్లా అయిపోయింది" అన్నాను.

ఆవిడ పక్కావిడతో "ఈవిడ మాటలు నమ్మేరు గనక!" అని నవ్వింది. రాజోలు చుట్టుపక్కల నాకున్న పేరు అలాంటిది. అందుకే ఇది రాసి పెడుతున్నాను.

పదో తరగతి తప్పాక ఇంటిపని వీసా మీద కువైట్ వెళ్లాను. ఆ ఎండాకాలం మా యజమాని పెళ్లాం పిల్లలతో ఏదో చల్లటి దేశానికి విమానమెక్కాడు. ఇంట్లో మిగిలింది మోకాళ్ల నొప్పులున్న ఆయన తల్లి, నేను. ఆవిణ్ణి పెద్ద మామా అనేదాన్ని. అక్కడ ఇంటి ఆడవాళ్లని పనివాళ్లు మామా అనే పిలుస్తారు. నా పాస్‌పోర్టు ఇనప్పెట్టెలో ఉంది. దాని తాళం యజమాని జేబులో ఉంది.

వాళ్లు వెళ్లిన కొన్నాళ్లకే పొరుగు దేశం సైన్యం వచ్చి పడింది. నూరు ట్యాంకులు మా వీధిలోంచే వెళ్లాయి. సరే, మూడు. తర్వాత రేడియోలో చెప్పారు, ఇకనించి ఇది దేశం కాదు, మా దేశంలో ఒక జిల్లా అని. కొత్త జిల్లాకి కొత్త అధికారులు దిగారు. వీధుల పేర్లు మారాయి, కార్ల నంబర్లు మారాయి. పాత గుర్తింపు కార్డు ఇచ్చేసి కొత్తది తీసుకోవాలని హుకుం. కాదన్నవాళ్లని జీపెక్కించి తీసుకుపోయేవారు. మా వీధిలోంచి అలా వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు.

పెద్ద మామా కార్డు ఇవ్వనంది.

"నా మొగుడి దేశం పేరు ఉంది దీనిమీద. ఇవ్వను."

"చంపేస్తారు మామా."

"చంపనీ. మధ్యలో నువ్వెందుకు ఏడుస్తావ్, అబద్ధాలకోరూ?"

ఆ పేరు ఆవిడ పెట్టిందే. మా నాన్న గోదావట్లో మొసలినెక్కి అవతలి ఒడ్డుకి వెళ్లేవాడంటే నమ్మింది. మా అమ్మమ్మ ఊరు ఆత్రేయపురంలో బియ్యప్పిండితో కాగితమంత పల్చటి రేకులు తీసి, నెయ్యీ పంచదారా వేసి మడిచి తింటామంటే మాత్రం నమ్మలేదు. "కాగితం ఎక్కడైనా తింటారా?" అంది. ఆ రోజునించీ నేను అబద్ధాలకోరుని.

జీపు మా గేటు ముందు ఆగిన రోజు నాకు తోచింది ఒక్కటే. ఆవిడ నల్ల బురఖా లాగేసి నా చీర చుట్టాను. "ఏమడిగినా అవునన్నట్టు ఆయ్ అను. మా ఊళ్లో ఆ ఒక్క మాటతో పెళ్లి సంబంధాలే కుదిరిపోతాయి" అని చెప్పాను.

రిజిస్టరు పట్టుకుని ఒక గుమాస్తా, తుపాకీ పట్టుకుని ఒక సైనికుడు లోపలికొచ్చారు.

"ఎవరీవిడ?" అన్నాడు గుమాస్తా.

"మా పెద్దమ్మండీ. వంటకొచ్చింది. అరబ్బీ రాదు" అన్నాను, నాకొచ్చిన వంటింటి అరబ్బీలో.

ఆయన ఆవిడవైపు తిరిగి అరబ్బీలోనే అడిగాడు. "ఈ ఇంటి ముసలమ్మ పారిపోయిందా?"

"ఆయ్."

"కొత్త ప్రభుత్వం బాగుందా?"

పెద్ద మామా పళ్లు బిగించింది.

"ఆయ్" అంది.

సైనికుడు నవ్వాడు. గుమాస్తా నవ్వలేదు. 'హిందీలు, ఇద్దరు' అని రాసి, ఆ కాగితం గేటుకి అంటించాడు. మనవాళ్లందరినీ వాళ్లు హిందీలనే అంటారు. "ఎప్పుడు పడితే అప్పుడు వస్తాను. ఇద్దరూ కనబడాలి. ఒకరు తగ్గితే రెండోవాళ్లని తీసుకుపోతాం" అన్నాడు.

జీపు వెళ్లాక నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆ మురిపెం వారం నిలవలేదు. తెల్లారేసరికి ఆవిడ చీరలో ఉండాలి. రొట్టెల వరుసలో నా వంతు రాకముందే భయమేసి ఉత్త చేతులతో పరిగెత్తుకొచ్చేదాన్ని. స్నానం కూడా వంతులవారీగా, ఒకరు గేటు చూస్తూ ఉంటే ఒకరు. "నీ ఊళ్లో ఆడవాళ్లు ఈ గుడ్డలో ఊపిరెలా తీస్తారే?" అని పొద్దస్తమానం తిట్టేది.

ఒకనాడు గోడ అవతలనించి పక్కింటి డ్రైవరు పిలిచాడు. కొత్తపేట మనిషి.

"చెల్లెమ్మా, శుక్రవారం పొద్దున్న స్కూలు దగ్గరికి మనవాళ్ల కోసం బస్సులొస్తున్నాయంట. పాస్‌పోర్టు లేకపోయినా ఎక్కించుకుంటామని మన ఎంబసీవాళ్లన్నారు. సరిహద్దు దాటేక విమానం."

"నిజంగానాండీ, అన్నయ్యగారూ?"

"నీలాగ కోతలు కొయ్యడం నాకు రాదమ్మా. నీ పేరు కూడా రాయించేసేను."

"మరి పెద్ద మామా?"

"ఆవిణ్ణీ ఎక్కించెయ్. చీర కట్టనే కట్టేసేవు కదా!"

అడిగాను. ఆవిడ గడప దాటనంది. "నా ఇల్లు వదిలి ఎవరి దేశం పోవాలి నేను? నువ్వు పో" అంది. ఉండిపొమ్మని మాటవరసకైనా అనలేదు. అన్నా బాగుండును, పోట్లాడి వెళ్లిపోయేదాన్ని.

శుక్రవారం పెట్టె సర్దుకున్నాను. బయట పక్కింటి డ్రైవరు హారన్ కొట్టాడు. వెళ్లేముందు నేను పెద్ద మామా పైట సరిచేస్తుంటే అడిగింది.

"ఆ గుమాస్తా వస్తే ఏమనాలి?"

"ఆయ్ అను మామా."

"రెండోది ఎక్కడుందని అడిగితే?"

దానికి ఆయ్ పనికిరాదు. ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను. బుద్ధెరిగాక మొదటిసారి నాకు అబద్ధం దొరకలేదు.

గేటు దాకా వెళ్లేసరికి ఒకటి దొరికింది, ఆవిడకి చెప్పడానికి కాదు. "అన్నయ్యగారూ, పెద్ద మామా కూడా వస్తానందండీ. మీరు పదండి, వెనకాలే తీసుకొచ్చేస్తాను."

"ఆలిస్యం చెయ్యకమ్మా, బస్సు ఆగదు."

"ఆయ్, వచ్చేస్తానండీ."

ఆయన నమ్మాడు. ఊరు చేరాక మా అమ్మకీ అదే చెప్పాడట, వెనకాలే వచ్చేస్తోందండీ అని. సైన్యం పోయేదాకా, ఆ చలికాలమంతా, మా అమ్మ నేను దారిలోనే ఉన్నాననుకుంది.

లోపలికొచ్చి పెట్టె కింద పెట్టాను.

"ఏం, ఏమైనా మరిచిపోయావా?" అంది పెద్ద మామా.

"బస్సు వెళ్లిపోయింది."

"అబద్ధాలకోరూ, ఆ కాగితం మిఠాయి చేసి చూపించు. ఇంకేం పనుంది మనకి?"

బియ్యం నానేసి, రుబ్బి, గిన్నె బోర్లించి పొయ్యిమీద పెట్టాను. పిండిలో ముంచిన గుడ్డతో గిన్నెమీద రాసి రేకు తియ్యాలి. నలభై రేకులు చిరిగాయి. సరే, తొమ్మిది. పదోది నిలిచింది. నెయ్యి లేదు, ఉన్న పంచదార చల్లి ఇచ్చాను. ఆవిడ దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టి చూసి, నోట్లో పెట్టుకుంది. ఏమంటుందా అని ఎదురుగా నిలబడ్డాను.

గేటు చప్పుడైంది.

పెద్ద మామా పైట సర్దుకుంది. నోట్లో రేకు ఇంకా కరగకుండానే, ఎవరూ లోపలికి రాకుండానే, "ఆయ్" అంది.