తోడల్లుడి నిద్ర

క్లచ్ మాస్టారంటే ఆ ఊళ్లో స్టీరింగు పట్టిన ప్రతివాడికీ తెలుసు. జడ్జిగారి భార్యకు కారు నేర్పింది ఆయనే. నరాల డాక్టరుకు నేర్పింది ఆయనే. ఎడమచెయ్యి సరిగా లేవని ఒక టీచరమ్మను ఏ డ్రైవింగ్ స్కూలూ చేర్చుకోకపోతే, తన బండిలో కూర్చోబెట్టుకుని, మొదటి టెస్టులోనే లైసెన్సు ఇప్పించిన ఘనుడు. నేర్పే బండికి రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాడి కాలి కింద, ఇంకొకటి పక్కన కూర్చున్న గురువు కాలి కింద. మాస్టారి కాలి కింది బ్రేకు ఎందరి ప్రాణాలు నిలబెట్టిందో లెక్కలేదు. "క్లచ్! క్లచ్!" అని ఆయన కేక వేస్తే రోడ్డు పక్కన నడిచిపోయేవాళ్లు కూడా ఎడమకాలితో నేలను తొక్కేవారట.

అంతటి మనిషికి కంట్లో నలుసు ఒక్కడే, తోడల్లుడు. భార్య చెల్లెలి మొగుడు. అతనికి నేర్పిందీ మాస్టారే. రివర్సు కొట్టమంటే వెనకున్న డబ్బాను గుద్దకుండా ఉండేవాడు కాదు, టెస్టు తప్పి తప్పి గట్టెక్కాడు. అలాంటివాడు అదే వీధిలో, సరిగ్గా ఎదురుగా, ఏసీ కార్లతో డ్రైవింగ్ స్కూలు తెరిచాడు. అద్దాల గది, మెత్తటి కుర్చీలు, చల్లనీళ్ల మిషను. మాస్టారి స్కూలంటే రేకుల షెడ్డు కింద ఒక బల్ల, గోడకు వేలాడే ట్రాఫిక్ గుర్తుల పటం, రంగు వెలిసిన కారు.

"కారు చల్లగా ఉంటుందటగా! చల్లగా ఉంటే గేరు దానంతటదే పడుతుందేమో," అనేవారు ఎవరు దొరికితే వాళ్లతో.

స్కూలు సంగతి ఎలాగో మింగారు. మింగుడుపడనిది తోడల్లుడి నిద్ర. ఒక ఆదివారం మరదలు భోజనానికి పిలిచింది. చెయ్యి కడుక్కొచ్చి సోఫాలో వాలిన తోడల్లుడు మాట మధ్యలోనే గురక అందుకున్నాడు, పసిపిల్లాడిలా నోరు కాస్త తెరిచి.

"మా మరిది పడుకుంటే పిడుగుపడ్డా లేవడు," అంది మాస్టారి భార్య ముచ్చటగా. "మనసులో ఏమీ పెట్టుకోడు, అందుకే."

"నడుం పట్టేసినప్పుడు మాత్రం డాక్టరు నిద్రమాత్ర ఇచ్చారు బావగారూ," అంది మరదలు. "సగమే వేసుకునేవారు. ఇప్పుడు అదీ అక్కర్లేదు."

మాస్టారికి అన్నం అరగలేదు. ఎదురుగా ఆ అద్దాలు మెరిసినప్పటినుంచీ ఆయనకు కునుకు లేదు. షెడ్డు మూశాక రెండు గ్లాసుల బ్రాందీ పుచ్చుకునే అలవాటు నాలుగింటికి పాకింది. ఒళ్లు తూలేదే గాని కన్ను మూతపడేది కాదు.

ఆ వారమే భార్యను వెంటబెట్టుకుని, పాత శిష్యుడైన డాక్టరు దగ్గరికి వెళ్లి నిద్రమాత్ర రాయమన్నారు.

"తాగే అలవాటేమైనా ఉందా మాస్టారూ?"

చుక్క ముట్టని మనిషని తోడల్లుణ్ణి చుట్టాలంతా మెచ్చుకోవడం చెవిలో మోగింది. "నాకా? ఆ వాసనే గిట్టదు."

భార్య కొంగు సర్దుకుంటూ కిటికీ వైపు తిరిగింది.

"అయితే సగం మాత్ర చాలు. తాగేవాళ్లు మాత్రం దీని జోలికి పోకూడదు. ఇందాక దగ్గుతున్నారు, మత్తొచ్చే దగ్గు సిరప్పులు కూడా దీంతో వద్దు."

బయటికొచ్చాక మాస్టారు ఉడికిపోయారు. "వాడికీ సగమే, నాకూ సగమేనా? వాడెక్కడ, నేనెక్కడ!" ఇంటికెళ్లి నిండు మాత్ర మింగారు. గ్లాసులూ తగ్గలేదు. పొద్దున్నే తల బరువుగా ఉంటే, నిద్ర బాగా పట్టిందనుకుని మురిసిపోయారు.

సిటీ బస్సుల కంపెనీ కొత్త డ్రైవర్లకు శిక్షణ ఇప్పించాలనుకుంటోందని తెలిసినప్పుడు, ఆ పని తనది కాక ఇంకెవరిదని ఆయన ధీమా. ఒకనాటి సాయంత్రం మెకానిక్కు వచ్చి నసిగాడు.

"మాస్టారూ... అది ఎదుటివాళ్లకు పోయిందట."

"ఎవరన్నారు?"

"బోర్డే కట్టేశారు గురువుగారూ, చూడండి."

చూశారు. షెడ్డులో నిలబడే సీసా సగం ఖాళీ చేశారు. ఇంటికొచ్చి, దగ్గు తెరలుగా వస్తుంటే అలమరలో ఉన్న పాత సిరప్పు సీసా ఎత్తి అలాగే తాగారు. ఒక మాత్ర వేసుకుని, కోపం చల్లారక ఇంకొకటి వేసుకుని కుర్చీలో కూలబడ్డారు.

కాసేపటికి గురక మొదలైంది. గొంతులో నీళ్లు సుడి తిరిగినట్టు గరగరమని, మధ్యలో ఆగి, మళ్లీ. భార్య మురిసిపోయింది. టీవీ కట్టేసి, దుప్పటి కప్పి, చెల్లెలికి ఫోను చేసింది.

"మీ ఆయన గురక ఏపాటిదే! మా ఆయన గురక వీధి చివరికి వినపడుతోంది. రండి, వచ్చి చూడండి!"

వాళ్లు నవ్వుకుంటూనే వచ్చారు. తోడల్లుడు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వదినా, పెదాలు నీలంగా ఉన్నాయేంటి? అన్నయ్యా! అన్నయ్యా!" భుజం పట్టి ఊపాడు. తల వేలాడింది. "ఇది నిద్ర కాదు వదినా. ఏం వేసుకున్నారు?"

"నిద్రమాత్రే. దగ్గు సిరప్పు కూడా..."

"తాగారా?"

"మా ఆయన తాగరు."

తోడల్లుడు భార్యను అంబులెన్సుకు ఫోను చేయమని చెప్పి, మాస్టారిని నేల మీదికి దించి పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. శ్వాస ఆగినప్పుడల్లా "పీల్చండి అన్నయ్యా!" అని అరుస్తూ బండి వచ్చేదాకా పక్కనే ఉన్నాడు.

ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరమ్మ అడిగింది. "తాగారా?"

"లేదమ్మా," అంది భార్య, తల దించుకుని.

"వదినా, వాసన మనందరికీ వస్తోంది," అన్నాడు తోడల్లుడు మెల్లగా. "పరువు తర్వాత చూసుకుందాం. ఏం కలిసిందో తెలియకపోతే ఈవిడ వైద్యం ఎలా చేస్తుంది?"

ఆమె ఒక్కసారిగా భోరుమంది. "రోజూ తాగుతారమ్మా! ఇవాళ మరీ ఎక్కువ తాగారు."

గొంతులో గొట్టం వేసి ఊపిరి మిషను మీద పెట్టారు. మర్నాడు మధ్యాహ్నానికి గొట్టం తీశారు. సాయంత్రం శిష్యుడైన డాక్టరు వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"మాస్టారూ, బ్రాందీ ఒక బ్రేకు, మాత్ర రెండో బ్రేకు, ఆ సిరప్పు హ్యాండ్ బ్రేకు. మూడూ కలిపి పట్టేస్తే ఊపిరి ఎలా కదులుతుంది? గురక వింటూ ఇంకాసేపు ఊరుకుని ఉంటే మీరు మాకు దక్కేవారు కాదు."

మాస్టారు కళ్లు తిప్పారు. మూలన ప్లాస్టిక్ కుర్చీలో తోడల్లుడు, గడ్డం ఛాతీకి ఆనించి, హాయిగా నిద్రపోతున్నాడు. ఆ స్థితిలోనూ ఆయన గుండె భగ్గుమంది.

"చూడు వాణ్ణి! కుర్చీలో కూడా ఎలా పడుతుందో!"

"రాత్రంతా కన్ను మూయలేదండీ," అంది భార్య.

డాక్టరు కాగితం తీశాడు. "ఇప్పుడు మళ్లీ అడుగుతున్నాను. ఒక్కసారిగా మానేసినా ప్రమాదమే, మీ అంతట మీరు మానకండి. నేను దగ్గరుండి మాన్పిస్తాను. కానీ నిజం కావాలి. రోజుకు ఎంత?"

ఆ మాటలకు తోడల్లుడికి మెలకువ వచ్చింది. సంగతి గ్రహించి లేచాడు. "నేను బయట ఉంటాను అన్నయ్యా."

మాస్టారికి గొంతు మండుతోంది. అతను తలుపు దాటితే చాలు, మూడు గ్లాసులనో రెండనో తేల్చేయవచ్చు. భార్య తన ముఖంలోకే చూస్తోంది.

"కూర్చోవోయ్," అన్నారు బొంగురు గొంతుతో. "నువ్వెళ్తే రెండు గ్లాసులు తగ్గించి చెప్పబుద్ధవుతుంది, అది నిజమే. అందుకే కూర్చో." డాక్టరు వైపు తిరిగారు. "రాసుకో బాబూ. మామూలు రోజు నాలుగు. వీడి స్కూలు బోర్డు కనపడ్డ రోజు అరసీసా. అంటే ఈ మధ్య రోజూ అరసీసానే."