విరిగిన బోల్టు మీద నా ఉపన్యాసం

నా కింద ఎక్కడో 'టిక్' మంది.

పెద్ద చప్పుడేం కాదు. వంటింట్లో గ్యాస్ లైటర్ నొక్కితే వచ్చేంత. గదిలో ఇంకెవరికీ వినిపించలేదు కూడా. కానీ ఆ చప్పుడు నాకు పాత పరిచయం. ఎమ్‌టెక్ చదివినన్నాళ్లూ దానికోసమే ల్యాబ్‌లో మిషన్ పక్కన చెవులు రిక్కించుకుని కూర్చున్నదాన్ని. లోహం చేతులెత్తేసే ముందు అలాగే అంటుంది. ఆ క్షణంలో నా గుండె జారిపోయింది. నేను జారడానికి మాత్రం ఇంకొక్క క్షణం పట్టింది.

ఎవరి ముందు జారానో, ఎంత ఘనంగా జారానో మొత్తం చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు, మా ఇంట్లో అందరూ ఇప్పటికే నవ్వేశారు. కాకపోతే జర మెల్లగా నవ్వండి. పిల్లలు ఇప్పుడే పడుకున్నారు. చిన్నోడు ఒకసారి లేచాడంటే మళ్లీ పడుకోడు.

నేను చదివింది లోహాల చదువు. బీటెక్‌లో మెటలర్జీ, ఎమ్‌టెక్‌లో మెటీరియల్స్ ఇంజనీరింగ్. ఒక్కసారి గట్టిగా లాగితే విరగని అల్యూమినియం రేకు, కొద్దికొద్దిగా లక్షలసార్లు లాగితే ఎందుకు విరుగుతుందన్నది నా పరిశోధన. అంటే లోహం కూడా అలసిపోతుంది. దాన్ని మా భాషలో ఫెటీగ్ అంటారు. ఇద్దరు పిల్లల్ని పెంచుతున్న ఏ తల్లికీ ఇంతకంటే విడమర్చి చెప్పక్కర్లేదు. తర్వాత పీహెచ్‌డీలో చేరాను. చిన్నోడు కడుపులో పడ్డాడు. పీహెచ్‌డీ ఆగిపోయింది, చిన్నోడు మాత్రం ఆగలేదు, ఇప్పటికీ ఆగడం లేదు.

ఈ చదువుతో ఒక జబ్బు కూడా వస్తుంది. లోకంలో ఏ వస్తువును చూసినా అది ఎక్కడ విరుగుతుందో కనిపిస్తుంటుంది. కుక్కర్ పిడి చూస్తే స్క్రూ దగ్గర గీత. ఆటో ఎక్కితే వెనక చక్రం ఇరుసు. మా కాలనీ పార్కులో ఉన్న ఒకే ఒక్క ఊయల కొక్కెం అరిగినట్టు అనిపించింది, అంతే, మా పిల్లలకు ఊయల బంద్. మిగతా పిల్లలు ఊగుతుంటే మావాళ్లిద్దరూ విమానం తప్పిపోయినవాళ్లలా పక్కన నిలబడి చూస్తుంటారు. ఐదేళ్ల మా మేఘన ఒకరోజు అడిగింది కూడా: "మమ్మీ, అందరి మమ్మీలూ దయ్యాలకు భయపడతరు, నువ్వేంది కొక్కేలకు భయపడతవ్?"

ఇక ఇంటర్వ్యూ సంగతి. శంషాబాద్ నుంచి విమానాశ్రయం వెళ్లే దారిలో ఒక ల్యాబ్ ఉంది. విరిగిన విడిభాగాలు అక్కడికి వస్తాయి, అవి ఎందుకు విరిగాయో వాళ్లు తేల్చి చెబుతారు. అందులో పరిశోధకురాలి ఉద్యోగం ఖాళీ అయింది. ఆ పని చేస్తూనే, ఆగిపోయిన నా పీహెచ్‌డీ పూర్తి చేసుకోవచ్చు. మా ఇంటికి దగ్గర. ఇలాంటి పని దొరికే మిగతా చోట్లన్నీ నగరానికి అవతలి కొసన ఉన్నాయి. మావారికి ఎయిర్‌పోర్ట్ కార్గోలో షిఫ్టులు. పిల్లల్ని చూసుకోవడానికి మామిడిపల్లి నుంచి వచ్చిన మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. అంటే ఈ ఉద్యోగం వస్తే వచ్చినట్టు, రాకపోతే నా సర్టిఫికెట్లు బీరువాలో చీరల కింద అలా పడుండాల్సిందే.

అందుకే వారం ముందు నుంచీ నిద్ర లేదు. వాళ్లు మొదట అడిగేది ఏమిటో తెలుసు: మీ చదువు గురించి, పరిశోధన గురించి చెప్పండి. చెప్పగలను. ఆ తర్వాత వచ్చే ప్రశ్న కూడా తెలుసు: ఇన్నేళ్లు ఏం చేశారు? అక్కడే ఆగిపోయేదాన్ని. ఫ్రిజ్ ముందు నిలబడి, దాన్నే పెద్ద ఆఫీసర్ అనుకుని మాట్లాడుతుంటే అత్తమ్మ వచ్చింది.

"ఏందే, గట్ల ఫ్రిజ్‌తోని మాట్లాడుతున్నవ్?"

"ఇంటర్వ్యూ కోసం అత్తమ్మా. నా పరిశోధన గురించి చెప్తున్న."

"జర నాకు చెప్పు, నేను గూడ వింట."

చెప్పాను. లోహాలు ఎందుకు విరుగుతాయో, విరిగిన ముక్కను చూసి కారణం ఎలా పట్టుకుంటామో, చేతులు తిప్పుతూ అంతా చెప్పాను. అత్తమ్మ కందిపప్పు ఏరుతూ సాంతం విని, చాట పక్కన పెట్టి అడిగింది.

"గంత సదువు సదివి, విరిగినయి సూసుడేనా నీ పని? అతికిచ్చుడు రాదా?"

నేను మళ్లీ ఫ్రిజ్ వైపు తిరిగాను.

ఇంటర్వ్యూ రోజు గంట ముందే వెళ్లాను. అక్కడ చాయ్‌లూ గదులూ చూసుకునే ఫరీద్ భాయ్ నన్ను ఒక గదిలోకి తీసుకెళ్లి, బల్ల ముందున్న కుర్చీ చూపించి, "ఇక్కడ కూర్చోండి మేడమ్, సార్‌వాళ్లు వస్తరు" అని వెళ్లిపోయాడు. మామూలు మనిషయితే కూర్చుంటుంది. నేను మెటీరియల్స్ ఇంజనీరింగ్ మనిషిని. రెండు చేతులూ వేసి కుర్చీని ఊపి చూశాను. కటకటలాడింది. అది కుర్చీ తప్పు కాదని, కింద బండ పైకి లేచిందని నాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నా కళ్లకు ఆ కుర్చీ నాలుగు కాళ్ల మృత్యువులా కనిపించింది.

గది మూలన గోడ వైపు తిప్పి ఇంకో కుర్చీ ఉంది. తిరిగే కుర్చీ. నల్లటి దిండు, ఇనుప స్తంభం, చూడగానే నమ్మకం కలిగేలా రాజసంగా ఉంది. ఇంత మంచి కుర్చీని గోడ వైపు ఎందుకు తిప్పి పెట్టారన్న అనుమానం రావాలి కదా? అన్నిటినీ అనుమానించే నాకు అదొక్కటీ రాలేదు. దాన్ని లాక్కొచ్చి బల్ల ముందు వేసుకుని, పాతదాన్ని మూలకు నెట్టి, దేవుడా కాపాడావు అనుకుంటూ కూర్చున్నాను.

బల్ల మీద తెల్ల కాగితంలో ఒక బోల్టు ఉంది. విరిగిన బోల్టు.

ఇంకెక్కడైనా అయితే విరిగిన బోల్టు అంటే చెత్త. విరిగినవి చూడటమే పనైన ల్యాబ్‌లో విరిగిన బోల్టు అంటే పరీక్ష. నాకు వెంటనే అర్థమైంది, కావాలనే పెట్టారు. ఎవరూ లేనప్పుడే తీసి, కిటికీ వెలుతురులో పట్టి చూసి, మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టేశాను.

ఇద్దరు వచ్చారు. తల నెరిసిన పెద్ద మేడమ్ ఒకరు, కళ్లజోడు సార్ ఒకరు. ఆ బోల్టు సార్ తెచ్చాడేమోనని మేడమ్, మేడమ్ తెచ్చిందేమోనని సార్ అనుకున్నారట. ఇద్దరూ మర్యాదస్తులు, ఒకరినొకరు అడగలేదు. నా కొంప ముంచింది ఆ మర్యాదే.

"మీ చదువు గురించి, పరిశోధన గురించి చెప్పండి" అన్నారు మేడమ్.

చెప్పాను. ఫ్రిజ్‌కు చెప్పినంత బాగా కాకపోయినా చెప్పాను. తర్వాత సార్ కళ్లజోడు సర్దుకుని, "మధ్యలో కొన్నేళ్ల ఖాళీ కనిపిస్తోంది. ఇప్పటికీ ఈ పని గుర్తుందా?" అన్నాడు.

అదే ప్రశ్న. పాల సీసాలు, డైపర్లు, నర్సరీ పద్యాలు తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. చూపు బోల్టు మీద పడింది. మునిగిపోయేవాడికి లైఫ్ జాకెట్ దొరికినట్టు దాన్ని పట్టుకున్నాను.

"దీని గురించి చెప్పనా సార్?"

సార్ మేడమ్ వైపు చూశాడు. మేడమ్ సార్ వైపు చూసింది. "చెప్పండి" అన్నారు ఇద్దరూ.

ఇక చూడండి. ఇన్నేళ్లు కుక్కర్ పిడుల మీద వృథా అయిన విద్యంతా ఒక్కసారి పొంగింది. విరిగిన చోట గీతలు చూపించాను. చెరువు ఎండుతుంటే నీటి అంచు ఒడ్డున వరసగా గీతలు వదిలినట్టు, పగులు రోజుకింత ముందుకు జరుగుతూ వదిలిన గుర్తులివి అన్నాను. ఒక అంచున మాత్రం గరుకుగా ఉంది. అది ఆఖర్న ఒక్కసారిగా తెగిన భాగం. "ఈ గరుకు భాగం చిన్నగా ఉంటే దాని మీద పడ్డ బరువు తక్కువని అర్థం సార్. పెద్దగా ఉంటే బరువు ఎక్కువని. ఇక్కడ చిన్నగా ఉంది. అంటే తక్కువ బరువే, కానీ రోజూ ఊగింది, కదిలింది." సార్ ముందుకు వంగాడు. మేడమ్ పెన్ను కింద పెట్టింది. నాకు రెక్కలొచ్చాయి. ఇది తప్పకుండా సామాను మోసే బెల్టు మిషన్‌ది అయివుంటుందని కూడా ప్రకటించేశాను.

"ఇప్పుడు అసలు ప్రమాదం ఇది కాదు మేడమ్. దీని పక్క బోల్టు. ఇది మోయాల్సిన బరువు కూడా ఇప్పుడు అదే మోస్తోంది. అది ఏ నిమిషంలోనైనా పోవచ్చు."

"అయితే ఏం చేయమంటారు?"

"ముందు దాని మీద ఎవరైనా ఉంటే వెంటనే దింపేయాలి మేడమ్. తర్వాతే మిగతా మాటలు."

సరిగ్గా అప్పుడే ఫరీద్ భాయ్ చాయ్ ట్రేతో వచ్చాడు. తలుపు దగ్గరే ఆగిపోయాడు. నన్ను చూశాడు, నా కింద చూశాడు, మూలనున్న కుర్చీని చూశాడు.

"మేడమ్, మీరు జర లేవండి."

చాయ్ పెట్టడానికి అనుకున్నాను. "ఒక్క నిమిషం భాయ్, అయిపోయింది."

"అట్ల కాదు మేడమ్. ఆ బోల్టు..."

"ఆ బోల్టు గురించే చెప్తున్న."

"నాకు తెల్సు మేడమ్. అది మీ కుర్చీదే. రిపేర్‌వాలాకు చూపిద్దామని నేనే పెట్టిన."

టిక్.

సీటు ముందుకు వంగింది. నేను కూర్చున్న భంగిమలోనే, చేతిలో బోల్టు అలాగే పట్టుకుని, జారుడుబండ మీంచి వచ్చినట్టు బల్ల కిందికి వెళ్లిపోయాను. అక్కడ నాలుగు బూట్లు కనిపించాయి. ఎంత కంగారు మనిషినో చూడండి, అక్కడి నుంచి కూడా మాట పూర్తి చేశాను: "ఇంతటితో ముగిస్తున్నాను మేడమ్, థాంక్యూ."

లేపారు. నీళ్లిచ్చారు. దెబ్బ తగిలిందా అని అడిగారు. తగిలింది, కానీ ఎక్కడో చెప్పుకునే చోటు కాదు. ఫరీద్ భాయ్ కుర్చీ కింద వెతికి రెండో బోల్టు ముక్క తెచ్చిచ్చాడు. సార్ దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, విరిగిన వైపు వెలుతురుకు తిప్పి చూశాడు. నా వైపు చూశాడు. మళ్లీ బోల్టును చూసి మేడమ్‌కు ఇచ్చాడు. నేనూ తొంగి చూశాను.

గరుకు భాగం చాలా పెద్దగా ఉంది.

"మొదటి బోల్టు పోయింది కదా సార్, అందుకే దీని మీద ఎక్కువ బరువు పడింది" అన్నాను.

"సహజమే" అంది మేడమ్, నవ్వు పెదవి దాటనివ్వకుండా.

ఇంటికొచ్చి చీరల కింద సర్టిఫికెట్లు పెట్టేస్తుంటే అత్తమ్మ చూసింది. ఏమైందని అడిగితే అంతా చెప్పాను. ఆమె నా నడుముకు జండూబామ్ రాస్తూ, "పోనియ్ బిడ్డా. చెప్పినట్టే ఇరిగింది గద. నీ సదువు తప్పు కాలేదు" అంది. ఆ మాటతో ఏడుపొచ్చింది. అది నొప్పి వల్లే అని చెప్పాను.

సాయంత్రం ఫోన్ మోగింది. పెద్ద మేడమ్.

"మీరు చెప్పింది మీ కిందే జరిగింది. ఇంతకంటే రుజువు మాకు అక్కర్లేదు. సోమవారం చేరండి. మొదటి పని సిద్ధంగా ఉంది, ఆ కుర్చీ మీద రిపోర్టు. రెండు బోల్టులూ తీసి పెట్టాం. ఒక్క వివరం మీరే ఇవ్వాలి. విరిగిన సమయంలో దాని మీద ఎంత బరువుంది?"

సంతోషంతో ఎగిరి గంతేయాల్సినదాన్ని. నడుము ఒప్పుకోలేదు.

తెల్లారి ఇడ్లీలు పెడుతూ పిల్లలకు శుభవార్త చెప్పాను. "సాయంత్రం పార్కుకు పోదాం. ఊయల ఊగుదురుగాని. ముందు నేను కొక్కెం చూస్త. తర్వాత నేనే కూర్చుని చూస్త. అది ఆగితే మీరెక్కండి."

మేఘన ఇడ్లీ నమలడం ఆపి తమ్ముడి వైపు చూసింది. తర్వాత చాలా మెల్లగా, పెద్దమనిషిలా అంది.

"నువ్వు కూర్చోకు మమ్మీ. మాకున్నది ఒక్కటే ఊయల."

అప్పుడు కుక్కర్ మూత మీద చెయ్యి పెట్టి పిల్లలిద్దరి ముందు ప్రమాణం చేశాను. "ఇదిగో వినండి. ఇగ మీదట విరిగిన ముక్క కనిపిస్తే, అది దేనిదో అడగకుండ మీ మమ్మీ నోరు తెరవదు. కింద వంగి చూడకుండ దేని మీద కూర్చోదు. ల్యాబ్ నుంచి ఆంటీ ఫోన్ చేసి మమ్మీ బరువెంత అని అడిగితే మాత్రం, మాకు తెల్వదని చెప్పుండ్రి."