తెర అడగడం మానేసిన రోజు

నీటి సరఫరా ఆఫీసు కంప్యూటర్ గదిలో అతన్ని అందరూ రైలుబండి అనేవారు. నల్లటి తెర మీద కమాండ్లు కొడుతుంటే కీబోర్డు చప్పుడు వరండా దాకా వినబడేది. ఇప్పుడా చప్పుడొక్కటే మిగిలింది. వేళ్ళు వణుకుతున్నాయి. ఒక అక్షరం కొట్టబోతే పక్కదీ పడుతోంది.

అయినా పని ఆగలేదు. కమాండ్ తప్పు పడితే ఆ కంప్యూటర్ విసుక్కోకుండా సరైనది చూపించి, "మీరనుకున్నది ఇదేనా?" అని అడిగేది. అవునని ఒక్క మీట నొక్కితే చాలు. ఇంట్లో కట్టుకున్న భార్యే, గ్లాసు ఒలికినప్పుడల్లా "కాస్త చూసుకుని తాగలేరూ?" అని కసురుతుంది. అందుకే అతనికి ఆ తెరంటే ప్రేమ పుట్టింది. నవ్వుకుంటే నవ్వుకోండి.

తన తప్పులు తెరే దిద్దుతోందన్న ఈ గుట్టు ఒక్కడికే చెప్పాడు. పక్క కుర్చీవాడు. వాడికి పని నేర్పింది తనే. నోరారా అన్నయ్యా అని పిలుస్తాడు.

"నా కడుపులోనే దాచుకుంటానన్నయ్యా, మీకెందుకు భయం?" అన్నాడు వాడు.

కొన్నాళ్ళకు, ఆ గదికి ఒక్క మనిషి చాలని పైనుంచి మాట వచ్చింది. ఎవరుండాలో తేల్చడానికి పెద్ద సారు వచ్చి రైలుబండి వెనక నిలబడ్డాడు.

"ఏదీ, ఇవాళ ఏ పంపులు నడుస్తున్నాయో తియ్యండి."

కొట్టాడు. తెర ఏమీ అడగలేదు. అలాంటి కమాండ్ లేదంది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ అదే జవాబు. పక్కకు చూశాడు.

"తప్పులు దిద్దే ఏర్పాటు నేనే తీసేశాను సార్," అన్నాడు వాడు, సారు ముఖంలోకే చూస్తూ. "అది తప్పుగా ఊహిస్తే పంపులు ఆగిపోవూ? చేతులు బాగున్నవాళ్ళకి దాంతో పనేముంది? లేవండన్నయ్యా, నేను కొడతా."

రైలుబండి లేచాడు. వాడన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అదే మరీ కడుపు మండించింది.

మర్నాడు ఆ గదిలో వదిలేసి వచ్చిన టిఫిన్ డబ్బా కోసం వెళ్ళాడు. వాడు రైలుబండి కుర్చీలో కూర్చుని, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఒంటిచేత్తో ఏదో కొడుతున్నాడు. కొట్టింది తప్పు. తెర మీద ఆ పాత ప్రశ్నే మర్యాదగా వచ్చింది: మీరనుకున్నది ఇదేనా? వాడు చూడకుండానే అవునని నొక్కేశాడు.

"అయ్యో, రండన్నయ్యా, కూర్చోండి," అన్నాడు తిరిగి చూసి.

రెండో కుర్చీని అప్పటికే తీసేశారు. రైలుబండి నిలబడే డబ్బా అందుకున్నాడు.