తడపని బట్ట

ఏడేళ్ళుగా ఒక్క మాట మోస్తున్నాను. "తడిపాను" అన్నాను. తడపలేదు.

ఇంత చిన్న అబద్ధానికి ఇంత బరువేమిటని మీరు అనుకోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. అనుకుని, లేచి నాలుగడుగులు నడిచి, వచ్చి కూర్చుని, మళ్ళీ అదే అనుకున్నాను. మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్ళకు చెప్పబోయినప్పుడల్లా గొంతు దాకా వచ్చిన మాట ఇంకేదో మాటగా మారి బయటపడేది.

నేను ఒక ప్రభుత్వ సంస్థలో, స్టోర్స్ విభాగంలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాను. సిబ్బంది యూనిఫాం కోసం వచ్చే బట్టను పరీక్షించడం నా పని. తానులోంచి ముక్క కోసి, నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఎంత కుదించుకుపోయిందో కొలిచి సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే బట్ట కత్తెర దగ్గరకు వెళ్ళేది కాదు. డైరీ రాసే అలవాటు కూడా ఉంది, పద్దెనిమిదో ఏట మొదలుపెట్టాను. ఒక్కరోజు తప్పలేదు. గ్యాస్ బండ ఎప్పుడు వచ్చింది, అమ్మాయికి ఏ టీకా ఎప్పుడు వేయించాం, ఇంట్లో ఏ వాదన వచ్చినా నా డైరీ తీసేవాళ్ళు. "మావయ్యగారి డైరీలో ఉందంటే ఇక దానిమీద అప్పీలు లేదు" అని మా అల్లుడు కిరణ్ నవ్వేవాడు.

కిరణ్‌ది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాదాపూర్లో మా అపార్ట్‌మెంట్‌లోనే రెండంతస్తుల పైన ఉంటారు. అతనూ ఆఫీసులో మరో ఏడుగురూ కలిసి ఆదివారాలు కోకాపేట అవతల ఒక మైదానంలో ఎయిర్‌సాఫ్ట్ ఆడేవారు. అచ్చం నిజం తుపాకుల్లా ఉండే బొమ్మ తుపాకులతో చిన్న ప్లాస్టిక్ గుళ్ళు పేల్చుకునే ఆట. సగం కట్టిన గోడల వెనక నక్కాలి, పాకాలి, ఉన్నట్టుండి మోకాళ్ళ మీద కూలబడాలి. దానికి కాంబాట్ షర్టూ ప్యాంటూ కావాలి. విదేశీ జత కొనాలంటే ఒక్కొక్కరికి నెల అద్దెలో సగం పోతుంది. ఆన్‌లైన్లో చవగ్గా దొరికేవి పాలిస్టర్. మన ఎండకు ఒంటికి అతుక్కుపోతాయి, నాలుగుసార్లు పాకితే మోచేయి బయటపడుతుంది. సైన్యం డిజైన్ బట్ట అమ్మే దుకాణాలు ఉన్నాయి కానీ దాన్ని మామూలు మనుషులు తొడుక్కుని రోడ్డెక్కకూడదు.

"జీవితమంతా యూనిఫాంలతోనే గడిపారు కదండీ, మాకూ ఒకటి చూసిపెట్టండి మావయ్యగారూ" అన్నాడు కిరణ్.

నేను రిటైరై అప్పటికి మూడేళ్ళు. ఆ మూడేళ్ళలో ఎవరూ నన్ను ఏదీ పరీక్షించమని అడగలేదు. ఆ రోజే డైరీలో పట్టిక గీశాను. వాళ్ళలో ఒకరి దగ్గరున్న విదేశీ జత తెప్పించి భోజనాల బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి ప్రతి కుట్టూ చూశాను. షర్టుకు ఛాతీ, వీపు పల్చటి బనియన్ బట్ట. పైన బరువైన వెస్టు వేసుకుంటారు కనుక లోపల చెమట పట్టకుండా అది. చేతులు మాత్రం మందం. ప్యాంటుకు మోకాళ్ళ దగ్గర బయట ఒక జేబు, అందులోకి గట్టి ప్యాడ్ దూరుతుంది. ఆ ప్యాంటులో అన్నిటికంటే ముఖ్యమైనది ఆ జేబే. ప్యాడ్ ఉండాల్సిన చోట ఉంటేనే మోకాలు దక్కుతుంది. నాలుగు రోజులు ఆలోచించి తేల్చాను. మట్టిరంగు కాటన్ డ్రిల్లు బట్ట కొని ఎనిమిది జతలూ మనమే కుట్టిద్దాం. అందుబాటు ధరలో అంతకంటే గట్టివి దొరకవు. అందులో తప్పు లేదు. ఇప్పటికీ అదే అంటాను.

దర్జీ యాదగిరిది మూసాపేట. సెక్యూరిటీ గార్డుల బట్టలు కుట్టేవాడు. యాభై ఏళ్ళుంటాయి. ఒక్క గది, రెండు మిషన్లు, కాజాలూ గుండీలూ భార్య చూసుకునేది. ఒక శనివారం ఎనిమిది మందినీ పిలిపించి ఒక్కొక్కరినీ గచ్చు మీద మోకాళ్ళపై కూర్చోబెట్టి, మోకాలి చిప్ప ఉన్న చోట సుద్దతో గుర్తు పెట్టాడు. "మంచిగ మొక్కుండ్రి, ఈసారి జీతాలు పెరుగుతయి" అని వాళ్ళను ఆటపట్టించాడు. ఈ జతలు బాగుంటే ఆటకు వచ్చేవాళ్ళకు అద్దెకిచ్చే జతలన్నీ అతనితోనే కుట్టిస్తానని మైదానం యజమాని మాటిచ్చాడు. ఆ మాట నమ్ముకుని యాదగిరి పక్క గది కూడా కిరాయికి అడిగి పెట్టుకున్నాడు.

ఇక తడపడం దగ్గరకు రావాలి. రాయాలంటే చెయ్యి ఆగుతోంది.

ఇరవై మీటర్ల మందపాటి బట్ట. రోజంతా నానాలి, పిండకుండా ఆరాలి. మా అపార్ట్‌మెంట్లో బాల్కనీ కటకటాల మీద బట్టలు ఆరేయకూడదని నియమం. మేడ మీద ఆరేయాలంటే తాళంచెవి సెక్రటరీ దగ్గర ఉంటుంది. ఆయనకూ నాకూ ఆ నెలలోనే పార్కింగ్ విషయంలో మాటా మాటా వచ్చింది. వెళ్ళి ఆయన గుమ్మంలో నిలబడి తాళం అడగాలి. రూల్సు చెప్పే మీకే ఇప్పుడు నా తాళం కావాల్సివచ్చిందా అంటాడు. అనేవాడా? ఏమో, ఇచ్చేసేవాడేమో. నేను అడగలేదు. బట్ట కుదించుకుపోదని తాను అంచు మీద ముద్ర ఉంది. దుకాణదారు కూడా ఒట్టేశాడు. అలాంటి ముద్రల్ని నమ్మకుండా ఉన్నందుకే కదా నాకు ముప్ఫై నాలుగేళ్ళు జీతమిచ్చారు? ఆ సంగతి తెలిసే, బట్ట అలాగే సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కాను.

యాదగిరి బట్ట కొస రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"తడిపిన్రా సార్? మందం బట్ట, జర ఎక్కువనే గుంజుకుంటది."

"తడిపాను."

"ఎంత గుంజిందో చూసిన్రా?"

"చూడకుండా, రాయకుండా నా దగ్గర ఏదీ ఉండదు."

"ఇగ ఫికర్ లేదు. మా ఇంటామెకు చెప్పిన, గీ సార్ చెయ్యి పడ్డంక తప్పు పోదని" అంటూ కత్తెర తీశాడు.

ఆ కత్తెర బట్ట మీద పడేలోపు ఒక్క క్షణం ఉంది. "ఆగు యాదగిరీ" అనడానికి అది చాలు. ఆ క్షణాన్ని నేను ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకున్నానో.

మొదటి ఆదివారం అందరికీ జతలు అద్దినట్టున్నాయి. ఫోటోలు పంపారు. నా పేరు తలచుకుంటూ సందేశాలు పెట్టారు. నేను వాటిని డైరీలోకి ఎక్కించుకున్నాను కూడా. తర్వాత వాషింగ్ మెషిన్లలో ఉతికారు. గురువారం కిరణ్ కిందికి వచ్చి, ప్యాంటు బిగిసిందనీ, తను లావెక్కానని మా అమ్మాయి వెక్కిరిస్తోందనీ నవ్వుతూ చెప్పాడు. జట్టులో అందరికీ బిగిశాయట. ఆఫీసు క్యాంటీన్ బిర్యానీ మానేద్దామని జోకులట. తెచ్చి చూపించమన్నాను. పట్టుకుని చూశాను. టేపు అక్కర్లేదు నాకు. పొడవు కుదించుకుపోయింది. మోకాలి జేబు దాదాపు రెండంగుళాలు పైకి జరిగింది. అంటే ప్యాడ్ తొడ మీద ఉంటుంది, చిప్ప సగం బయట ఉంటుంది.

నాకు అంతా అర్థమైంది. అర్థమయ్యాక ఏమన్నానో తెలుసా? "వేసుకుంటూ ఉంటే సాగుతుందిలే" అన్నాను.

ఇది యాదగిరితో ఆడిన అబద్ధం కంటే పెద్దది. అక్కడ నేను బద్ధకించాను, బింకానికి పోయాను. ఇక్కడ జరగబోయేది నా చేతిలో పట్టుకుని చూశాను. శుక్రవారం, శనివారం అపార్ట్‌మెంట్ చుట్టూ వాకింగ్ దారిలో లెక్కలేనన్ని చుట్లు తిరిగాను. ఈ ఆదివారం మోకాళ్ళ మీద పడొద్దని చెబితే చాలు. ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. ఒకసారి కిరణ్‌కి ఫోన్ కలిపి, రింగయ్యేలోగా కట్ చేశాను.

ఆదివారం హారిక పడింది. కిరణ్ జట్టులో టెస్టింగ్ చేసే అమ్మాయి, అప్పటికి ఇరవై ఆరేళ్ళు. గోడ చాటుకు పరుగెత్తుకెళ్ళి ఎప్పటిలాగే ప్యాడ్ ఉందన్న ధీమాతో ఎడమ మోకాలి మీద కూలబడింది. కింద రాయి ఉంది. చిప్ప పగిలింది. ఆపరేషన్ చేసి తీగ వేశారు. నాలుగు నెలలు ఇంట్లోనే. ఈరోజుకీ మెట్లు దిగేటప్పుడు ఆ అమ్మాయి ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగుతుంది.

ప్యాడ్ చోటు తప్పిందని జట్టులో అందరూ గమనించారు. మళ్ళీ శనివారం యాదగిరి దగ్గరకు వెళ్దామన్నారు. నా డైరీలో ప్రతి రోజు చివరా రెండు పంక్తులు ఖాళీగా వదిలే అలవాటు ఉంది, తర్వాత ఏదైనా గుర్తొస్తే రాసుకోవడానికి. ఆ ఉదయం కాఫీ తాగి, పాత పేజీ తీసి, అదే పెన్నుతో, అదే చేతిరాతతో ఆ ఖాళీలో రాశాను. "బట్ట ఒక రోజు నానబెట్టి ఆరబెట్టడమైనది." ఆఫీసు భాషలో చక్కగా వచ్చింది.

మూసాపేటలో నేను, కిరణ్, అతని స్నేహితుడొకడు. యాదగిరి ప్యాంటు మీద టేపు పరిచి, ఇది గుంజుకుందనీ, తడిపిన బట్ట ఇంత గుంజదనీ చెప్పి నా వైపు చూశాడు. మా మావయ్యగారు తడిపారు, రాసి ఉందన్నాడు కిరణ్. నేను పేజీ తెరిచి బల్ల మీద పెట్టాను. ఆ స్నేహితుడు తన కంప్యూటరు పనిలో తప్పు వెతికినట్టు ఒక్కో వేలూ మడుస్తూ అన్నాడు. తడిపిన బట్ట గుంజుకోదు. ఇది గుంజుకుంది. కాబట్టి ఇది మనమిచ్చిన బట్ట కాదు. మంచి బట్ట ఉంచుకుని నాసిరకం కుట్టాడు.

తర్కం సరిగ్గానే ఉంది. మొదట్లో పెట్టిన నా మాట ఒక్కటే అబద్ధం.

నిజంగా చెబుతున్నాను, అది అంత దూరం వెళ్తుందని నేను అనుకోలేదు. కొలత తప్పిందంటారు, తిట్టి వచ్చేస్తారు అనుకున్నాను. దొంగతనం అవుతుందనుకోలేదు. అయ్యాకైనా నోరు విప్పానా?

గుండీలు కుడుతున్న యాదగిరి భార్య లేచి వచ్చింది. "బట్ట మార్చెటోళ్ళం కాదు సార్ మేము. జర మీరన్న చెప్పుండ్రి" అంది నాతో. యాదగిరి ఆమెను ఆపాడు. డైరీలో ఆ పంక్తి మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ చదివాడు.

"రాసి ఉన్నంక నేనేమంట సార్" అన్నాడు.

నేను డైరీ మూశాను.

మైదానం యజమాని ఇంకొకరిని చూసుకున్నాడు. మూసాపేట దర్జీతో జాగ్రత్త అని దుకాణం ఫోటోతో సహా ఆఫీసు గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో తిరిగింది. నా ఫోనుకే మూడు చోట్ల నుంచి వచ్చింది. బట్ట మారుస్తాడని పేరు పడ్డ దర్జీ చేతికి బట్ట ఎవరిస్తారు? రెండేళ్ళ తర్వాత ధైర్యం చేసి వెళ్ళాను. అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. యాదగిరి ఏదో గార్మెంట్ కంపెనీలో రోజు కూలీకి మిషన్ తొక్కుతున్నాడని పక్కనున్న చాయ్ దుకాణం ఆయన చెప్పాడు. "మంచోడు సార్, ఏమైందో ఏమో. నంబర్ కావాల్నా?" అని ఫోన్ తీశాడు. వద్దన్నాను. ఏదో పనిమీద వచ్చినవాడిలా మెట్రో మెట్లెక్కాను.

ఎందుకు దాచాను? కిరణ్ అరిచేవాడు కాదు. "పోనీలెండి" అనేవాడు. ఆ పోనీలెండే నాకు భయం. ఆ మనిషికిక ఏదీ అప్పగించక్కర్లేదు అన్న అర్థం అందులో ఉంటుంది. అది వినకుండా ఉండడానికి నేను ఒక అమ్మాయి మోకాలూ, ఒక మనిషి పేరూ ఇచ్చుకున్నాను. యాభై ఏళ్ళ డైరీలు అలమరలో వరసగా ఉన్నాయి. వాటిలో ఒక్క పంక్తి అబద్ధం. కానీ ఆ ఒక్కదాన్నే నేను నలుగురి ముందు తెరిచి చూపించాను.

పోయినవారం హారిక మా ఇంటికి వచ్చింది. తమ్ముడి పెళ్ళికి జాకెట్లు కుట్టించుకోవాలని కొత్త బట్టలు వెంట తెచ్చింది. కబుర్లాడుతూ ప్రతి ముక్క మూలా బాల్‌పెన్నుతో చిన్న సంతకం పెడుతోంది. అదేమిటమ్మా అన్నాను. "దర్జీలు మార్చేస్తారు కదా అంకుల్. ఆ మూసాపేట దొంగ నేర్పిన పాఠం" అంది నవ్వుతూ. మా ఆవిడ కూడా నవ్వింది. నేను లేచి మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. గ్లాసు నింపుకుని అక్కడే నిలబడ్డాను, తాగలేదు. ఆ అమ్మాయి ఏ దర్జీనీ నమ్మదు. నన్ను నమ్ముతుంది.

అప్పటి నుంచి ఇది రాస్తున్నాను, చింపుతున్నాను. ఇందులో అందరి పేర్లూ మార్చాను, యాదగిరి పేరు తప్ప. దొంగ అన్నది ఆ పేరునే కనుక, కాదని చెప్పేటప్పుడూ ఆ పేరే ఉండాలి. ఈ కాగితాలు కిరణ్‌కీ హారికకీ ఇవ్వాలి, యాదగిరిని వెతికి పట్టుకోవాలి. ఇస్తానా? నా మాట మీద నాకే పూచీ లేదు. అందుకే ముందు మీకు చెబుతున్నాను, వెనక్కి తీసుకోవడానికి వీల్లేకుండా. మీరు క్షమించగలిగేది కాదు ఇది, అడగను కూడా. ఆ అమ్మాయి మోకాలు ఎలాగూ తిరిగి రాదు. ఏడేళ్ళలో మొదటిసారి ఈ మాట నా చేత్తో రాస్తున్నాను, రాస్తుంటే ఊపిరి కొంచెం అందుతోంది.

యాదగిరి బట్ట మార్చలేదు. నేనిచ్చిన బట్టే కుట్టాడు.